అర్ధరాత్రి లోపు రైలెక్కితే చాలు

మేం కొన్నది యూరప్ రైళ్ళలో తిరగడానికి పనికొచ్చే యూరైల్ గ్లోబల్ పాస్. నెల రోజుల్లో మనకి నచ్చిన ఏడు రోజులు వాడుకునే రకం. యూరప్ బయట ఉండేవాళ్ళకి యూరైల్, అక్కడే ఉండేవాళ్ళకి ఇంటర్‌రైల్. రెండూ 33 దేశాల్లో చెల్లుతాయి. నాతో వచ్చిన మా పిన్ని కొడుక్కి ఇంకా 27 దాటలేదు కాబట్టి పావు వంతు తగ్గింపు దొరికింది. నాది పూర్తి ధర. ఆ సంగతి వాడు దారి పొడుగునా గుర్తు చేస్తూనే ఉన్నాడు.

నిజానికి ఏ రోజు ఏ రైలెక్కాలో రెండు మూడు నెలల ముందే తేల్చుకోగలిగితే పాస్ అక్కర్లేదు. ముందుగా కొంటే విడి టికెట్లే చవక. మాకు అలా కట్టుబడడం ఇష్టం లేదు. అందుకని పాస్ ధరని ఏడుతో భాగించి ఒక రోజుకి ఎంత పడుతోందో చూసుకున్నాం. టికెట్టు అంతకంటే బాగా తక్కువకి వస్తే డబ్బులిచ్చి కొనడం, ఎక్కువైతే పాస్ తీయడం. ఈ ఒక్క పద్ధతీ చివరిదాకా పాటించాం.

పాస్‌లో ఒక రోజంటే రాత్రి 12 నుంచి మళ్ళీ రాత్రి 12 దాకా. ఆ లోపల ఎన్ని రైళ్ళైనా ఎక్కొచ్చు. అర్ధరాత్రి లోపు ఎక్కిన రైలు మర్నాడు ఎప్పుడు చేరినా, మధ్యలో మారనంత వరకూ బయల్దేరిన రోజే ఖర్చవుతుంది. అర్ధరాత్రి దాటాక ఇంకో రైలెక్కితే మాత్రం రెండో రోజు కూడా కరిగిపోతుంది. మా ప్రయాణమంతా ఈ రూల్ చుట్టూనే అల్లుకున్నాం.

మొదటి రోజునే దాన్ని పిండుకున్నాం. పొద్దున్నే జ్యూరిక్ నుంచి లూట్సెర్న్, అక్కణ్ణుంచి బ్రూనిగ్ కనుమ మీదుగా ఇంటర్‌లాకెన్, సాయంత్రం బెర్న్ మీదుగా మళ్ళీ జ్యూరిక్, రాత్రికి వియన్నా రైలు. స్విట్జర్లాండ్‌లో రైలు టికెట్లు ఎంత మండిపోతాయో తెలిసినవాళ్ళకి ఈ వరస చూస్తేనే కడుపు నిండుతుంది. యుంగ్‌ఫ్రావ్ అనే మంచుకొండ పైకి వెళ్ళే రైలుకి మాత్రం పాస్ చెల్లదు, 25 శాతం రాయితీ ఇస్తారంతే. అయినా మాకది ఖరీదే. కింద నుంచే చూసి వచ్చేశాం.

వియన్నా రైలు పేరు నైట్‌జెట్. 2016 డిసెంబరులో జర్మనీ రైల్వే సొంత పడక రైళ్ళు ఆపేసినప్పుడు, వాటిలో కొన్ని మార్గాల్ని ఆస్ట్రియా రైల్వే అందుకుని ఈ పేరుతో నడపడం మొదలుపెట్టింది. పాస్ ఉన్నా రిజర్వేషన్ డబ్బులు విడిగా కట్టాలి. సీటుకి ఒక రేటు, నలుగురో ఆరుగురో పంచుకునే కూషెట్ గదిలో బెర్తుకి ఒక రేటు, మంచమూ వాష్‌బేసినూ ఉండే స్లీపర్‌కి ఇంకా పెద్ద రేటు. సీటు తీసుకుని నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని మావాడు ఒకటే పోరు. నేను ఒప్పుకోలేదు. రాత్రంతా కూర్చుని వెళ్ళి మర్నాడు పగలు హోటల్లో పడి నిద్రపోతే మిగిలిందేమిటి?

ఆరు బెర్తుల కూషెట్‌లో అందరూ కింది బెర్తు కోసం ఎగబడతారు. నా ఓటు పై బెర్తుకే. లేచి కూర్చోడానికి తల ఆనుతుంది నిజమే గానీ, నడవా కప్పు మీద ఉండే సామాన్ల గూడు సరిగ్గా ఆ బెర్తుకి ఎదురుగా ఉంటుంది. బ్యాగు కళ్ళ ముందే ఉంటే నిద్ర బాగా పడుతుంది. మధ్య బెర్తు వాళ్ళకి మిగతావాళ్ళు పడుకుంటే గానీ పడుకోడానికి ఉండదు. దుప్పటి, దిండు, మూసిన సంచిలో ఉతికిన పక్కగుడ్డ, ఒక నీళ్ళ సీసా ఇచ్చారు. లోపలి నుంచి గడియ ఉంది. ఆడవాళ్ళకి విడిగా కంపార్ట్‌మెంట్ కావాలంటే బుక్ చేసేటప్పుడే అడగొచ్చు. సరిహద్దు దగ్గర బుక్స్ అనే స్టేషన్లో రైలు దిశ మార్చుకోవడం సగం నిద్రలో తెలిసింది. తెల్లారాక అటెండెంట్ తలుపు తట్టి రెండు బన్నులు, వెన్న, జామ్, కాఫీ చేతికిచ్చాడు.

పొద్దున ఎనిమిదింటికి ఊళ్ళో దిగితే హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. స్టేషన్ లాకర్లో బ్యాగులు పడేసి తిరగడమే. లాకర్ డబ్బులు కూడా బడ్జెట్లో రాసుకోవాలి.

అన్ని రాత్రులూ ఇలా గడవలేదు. ఒక స్టేషన్లో (ఎవరి రైలో చెప్పను) మా కూషెట్ బోగీ తగిలించనే లేదు. దాని బదులు సీట్ల బోగీ వచ్చింది. "అన్నా, నేను చెప్పిన సీటే దక్కిందిగా, పైగా బెర్తు రేటుకి" అన్నాడు మావాడు. "నోర్మూసుకుని పడుకోరా" అన్నాను. కండక్టర్ చేత జరిగింది కాగితం మీద రాయించుకున్నాం. అది జతచేసి అడిగితే తేడా డబ్బు కొన్ని వారాలకి వెనక్కొచ్చింది. కాబట్టి అలాంటప్పుడు గొడవ పడేకన్నా కాగితం అడగడం మేలు.

ఇటలీలో పాస్ చాలావరకు జేబులోనే ఉంచాం. అక్కడి ఫాస్ట్ రైళ్ళకి పాస్ ఉన్నా రిజర్వేషన్ తప్పనిసరి. రెజొనాలే అనే ప్రాంతీయ రైళ్ళు ఎలాగూ చవక. వెనిస్ నుంచి బొలోన్యాలో ఒకసారి, ప్రాటోలో ఒకసారి మారి ఫ్లోరెన్స్‌కి విడి టికెట్లతోనే వెళ్ళాం. అలా మిగుల్చుకున్న రోజుల్ని సిసిలీ దీవికి వాడాం.

రోమ్‌లో ఎక్కిన ఇంటర్‌సిటీ నొత్తె అనే రాత్రి రైలు తెల్లవారేసరికి విల్లా సాన్ జోవన్నిలో ఆగింది. అక్కడితో ఇటలీ ప్రధాన భూభాగం అయిపోతుంది, ముందు సముద్రం. ఇంజను రైలుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఓడ పొట్టలో పక్కపక్కనే ఉన్న పట్టాల మీదకి నెట్టింది. గొలుసుల చప్పుడు, ఇనుము ఇనుముకి తగిలిన మోత, కిటికీ పక్కనే ఓడ గోడ. దిగి ఇరుకు మెట్లెక్కితే డెక్. మూడు కిలోమీటర్లకి కాస్త ఎక్కువ నీళ్ళు, అవతల మెస్సీనా రేవు ముఖద్వారంలో స్తంభం మీద బంగారు రంగు మరియమ్మ విగ్రహం. ఓడ దాటేది కాసేపే. ఎక్కించడానికీ దించడానికీ, మళ్ళీ ముక్కలు అతకడానికీ మాత్రం బోలెడు టైమ్ పట్టింది. మెస్సీనాలో సగం బోగీలు పలెర్మోకి, సగం సిరాకూజాకి విడిపోతాయి. అందుకే డెక్ మీంచి తిరిగొచ్చేటప్పుడు బోగీ నంబరు చూసుకుని ఎక్కాలి.

తిరుగు ప్రయాణం బెర్తులు సిరాకూజా స్టేషన్ కౌంటర్లో అడిగాం. మిలన్ రైలు మధ్యాహ్నం బయల్దేరి మర్నాడు గానీ చేరదు. మళ్ళీ ఓడ, మళ్ళీ రాత్రంతా పట్టాలు. మధ్యలో మారేది లేదు కాబట్టి పాస్‌లో ఖర్చయ్యేది ఒక్క రోజే. మావాడు పాస్ యాప్‌లో ఆ రైలు చేర్చి, ఒక రోజే తగ్గిందని రెండుసార్లు చూసుకుని నమ్మాడు. నాలుగు బెర్తుల కంపార్ట్‌మెంట్లో రెండు పై బెర్తులు దొరికాయి.