ముల్లు 100 చూపిస్తే కారు నిజంగా ఎంతలో వెళ్తోంది? కొలిచి చూశాను

మీటర్‌లో ముల్లు 100 మీద నిలబడి ఉంటే పక్క సీట్లోవాళ్ల ఫోన్ మ్యాప్ 94 అంటుంది. "మీటర్ ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుందిలే" అని అందరం అనుకునేదే, కానీ ఎంత ఎక్కువ, ఎందుకు, అందరి కార్లలో ఇంతేనా అంటే ఎవరూ సరిగ్గా చెప్పరు. ఒక మెకానిక్‌ని అడిగితే ఇంకో మాట లేకుండా వేగం కొలిచే సెన్సార్ మార్చేద్దాం అన్నాడు. మార్చేముందు ఆ 6 కిలోమీటర్లు ఎక్కడ పోతున్నాయో తేల్చుకుందామని కూర్చున్నాను.

ముందు ఫోన్‌ని నమ్మొచ్చా? జీపీఎస్ రెండు చోట్ల మధ్య దూరం చూసి టైమ్‌తో భాగిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువగా ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో డాప్లర్ మార్పు (దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యేది బొంగురుగా వినిపించేలాంటి తేడా) పట్టుకుని వేగం లెక్కేస్తుంది, అందుకే పైన ఆకాశం తెరుచుకుని ఉండి, బండి ఒకే వేగంలో పోతుంటే ఆ అంకె చాలా నమ్మకంగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా బ్రేక్ వేసినా మాత్రం కొద్దిగా ఆలస్యంగా అందుకుంటుంది, టన్నెల్లో, పెద్ద భవనాల మధ్య దారి తప్పుతుంది. ఘాట్ రోడ్ల సంగతేంటి అంటారేమో, వంద మీటర్లకు పది మీటర్లు ఎక్కే దారి మీద కూడా ఏటవాలు వల్ల వచ్చే తేడా అర శాతమే.

అయినా ఫోన్‌ని ఫోన్‌తోనే రుజువు చేయలేం కదా, అందుకని స్టాప్‌వాచ్ తీశాం. రద్దీ లేని తిన్నటి రోడ్డు, క్రూయిజ్ కంట్రోల్‌లో (బండి తనంతట తానే ఒకే వేగంలో పోయే సెట్టింగ్) 100, కిలోమీటరు రాళ్లు, వాచ్ పక్క సీట్లో మనిషి చేతిలో (నడిపే మనిషే ఇవన్నీ చేయాలంటే మాత్రం ఈ పని మొదలే పెట్టకండి). 3600ని కిలోమీటరుకి పట్టిన సెకన్లతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది, 36 సెకన్లు పడితే 100 అన్నమాట. ఒక్క కిలోమీటరే కొలిస్తే వాచ్ నొక్కడంలో అర సెకను అటూ ఇటూ అయినా వేగం ఒకటిన్నర దాకా మారిపోతుంది, పైగా రాళ్లన్నీ టేపు పెట్టి పాతినట్టు ఉండవు. అందుకే ఐదేసి కిలోమీటర్లు కొలిచాం. నిజంగా 100లో ఉంటే 3 నిమిషాలు పట్టాలి. మాకు 3 నిమిషాల 11 సెకన్లు పట్టింది. అంటే 94. ఫోన్ చెప్పింది నిజమే.

మరి మీటర్ పాడైనట్టేనా? కాదు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన ఒకటుంది. దాని ప్రకారం స్పీడోమీటర్ నిజ వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదు, ఎక్కువ చూపిస్తే మాత్రం నిజ వేగంలో 10 శాతం, దాని మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా పర్వాలేదు. లెక్కేస్తే నిజంగా 100లో వెళ్తుంటే మీటర్ 114 చూపించినా అది పాసే! అమెరికాలో ట్రక్కులు, బస్సుల నియమం వేరు, అక్కడ 80 దగ్గర అటు 8, ఇటు 8 దాకా ఒప్పుకుంటారు. తక్కువ చూపించి ఎవరైనా ఫైన్ కట్టాల్సొస్తే ఆ గొడవ తమ మెడకి చుట్టుకుంటుంది కాబట్టి తయారీదారులు ముందే కాస్త పైకి జరిపి పెడతారు.

ఇక్కడితో వదిలేయొచ్చు, కానీ నాకు ఆ 6 మొత్తం కంపెనీ కలిపిందేనా అని ఇంకా అనుమానం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి (మెకానిక్‌లు కారు లోపాలు చూడ్డానికి వాడే ప్లగ్) చిన్న బ్లూటూత్ అడాప్టర్ తగిలిస్తే కారు కంప్యూటర్ తన లెక్కలో వేగం ఎంతనుకుంటోందో ఫోన్‌లో కనిపిస్తుంది. దశాంశాలుండవు, పూర్తి అంకెలే. ముల్లు 100 మీద ఉన్నప్పుడు అక్కడ 96 పడింది.

అసలు సంగతి ఇక్కడ బయటపడింది. ముల్లు 100, కంప్యూటర్ 96, నిజం 94. పోయిన ఆరులో నాలుగు మీటర్ కావాలని కలుపుతున్నవి, కారుకి తెలిసీ మనకి చెప్పనివి. మిగతా రెండూ కారుకి కూడా తెలియవు. ఎందుకంటే దానికి చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే అందుతుంది, ఒక్కో చుట్టుకి ఎంత దూరం అన్నది ముందే రాసిపెట్టిన అంకె. నావి 205/55 ఆర్16 టైర్లు, కొత్తగా ఉన్నప్పుడు వ్యాసం 632 మిల్లీమీటర్లు, ట్రెడ్ (రోడ్డుని తాకే గాడుల పొర) లోతు 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. గేజ్ పెట్టి చూస్తే నా టైర్లకి మిగిలింది 2. చుట్టూ 6 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసంలో 12 పోయినట్టు, అంటే 2 శాతానికి కాస్త తక్కువ. సరిగ్గా ఆ రెండు కిలోమీటర్లే. గాలి తక్కువై ఉంటుందని కూడా ఒకరు అన్నారు కానీ రేడియల్ టైర్‌లో ట్రెడ్ కింద ఉండే స్టీల్ బెల్ట్ చుట్టుకొలతని పెద్దగా మారనివ్వదు, గాలి వల్ల వచ్చే తేడా చాలా చిన్నది.

ఎలాగూ మార్చాల్సిన టైర్లే, మార్చేసి మళ్లీ కొలిచాను. ముల్లు 100, ఓబీడీ 96, జీపీఎస్ 96. చూసి భలే సంతోషం వేసింది, సెన్సార్ జోలికి పోలేదు. మిగతా వేగాల్లోనూ చూశాను, 50 దగ్గర 48, 80 దగ్గర 77, 120 దగ్గర 115, అంటే నా కారులో కలిపేది దాదాపు 4 శాతం.

ఇందులో నాకు బాగా నచ్చింది వేగం కన్నా ఓడోమీటర్, అంటే తిరిగిన దూరం లెక్కపెట్టే మీటర్ సంగతి. పాత టైర్లతో 50 కిలోమీటర్ల దూరానికి ట్రిప్ మీటర్ దాదాపు 51 చూపించింది, తిరగని కిలోమీటరు లెక్కలో పడిపోయింది. కొత్త టైర్లు వేయించాక మైలేజీ పడిపోయిందని గోల పెట్టేవాళ్లని చూస్తుంటాం కదా, కొత్త ట్రెడ్ బండిని కొంచెం ఎక్కువ పట్టి లాగే మాట నిజమే, కానీ ఆ పడిపోయిన దాంట్లో ఒకటి రెండు శాతం అసలు ఎప్పుడూ లేని మైలేజీ.

టైర్లు మార్చేటప్పుడు 205/60 వేసుకోండి, గుంతల్లో హాయిగా ఉంటుంది అన్నారు. దాని వ్యాసం 652, అంటే 3 శాతం పైనే పెద్దది. నా మీటర్‌లో 100 అప్పుడు నిజంగా 99 అవుతుంది. మీటర్ 2 శాతమే ఎక్కువ చూపించే కారులో అదే టైర్ వేస్తే ముల్లు నిజం కన్నా తక్కువ చూపిస్తుంది, కెమెరా ముందు నుంచి నిశ్చింతగా వెళ్లినవాళ్లకి ఇంటికి చలానా వస్తుంది. నేను 55కే ఉండిపోయాను. ఇప్పటికే సైజు మార్చేసిన బండి అయితే ఓబీడీ అంకె కూడా పనికిరాదు, జీపీఎస్ అయినా స్టాప్‌వాచ్ అయినా పట్టుకోవాల్సిందే.