నాలుగు వందల షాఫ్టులు: ఉత్పత్తి విభాగంలో నా మొదటి ఆర్డరు

మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, హైదరాబాదు బాలానగర్‌లోని ఒక చిన్న మెషిన్ షాపులో ట్రైనీగా చేరిన ఆరో నెలలో, ఒక ఆర్డరును మొదటి నుంచి చివరిదాకా నడిపించే బాధ్యత నాకు అప్పగించారు. పంపులకు వాడే షాఫ్టులు (తిరిగే ఇరుసు కడ్డీలు) నాలుగు వందలు చేసి ఇవ్వాలి. ఒకే వస్తువును అడిగినవారి కోసం ఒక్కటిగా చేస్తే జాబ్ ఉత్పత్తి అనీ, కొన్ని వందలు ఒక విడతగా చేస్తే బ్యాచ్ ఉత్పత్తి అనీ, ఆగకుండా ఒకే వరుసలో చేస్తే మాస్ ఉత్పత్తి అనీ పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాను. బ్యాచ్ అనే ఆ మాటలో ఎంత విషయం దాగి ఉందో ఈ ఆర్డరుతోనే నాకు తెలిసింది.

ముడిసరుకు ఈఎన్8 అనే రకం ఉక్కు కడ్డీ. దాన్ని రంపం మీద ముక్కలు కోసి, కంప్యూటరు నడిపే సీఎన్‌సీ లేత్ మీద టర్నింగ్ చేసి (కడ్డీని తిప్పుతూ పైపొర చెక్కి), మిల్లింగ్ మెషిన్ మీద 8 మిల్లీమీటర్ల వెడల్పుతో కీవే (కీ అనే చీల కూర్చునే గాడి) తీసి, చివరగా గ్రైండింగ్‌లో (సాన చక్రంతో నున్నగా అరగదీసి) 25 మిల్లీమీటర్ల వ్యాసానికి తేవాలి. డ్రాయింగ్ ప్రకారం ఆ వ్యాసం 25కు మించకూడదు, 24.987కు తగ్గకూడదు. గ్రైండింగ్‌లో తీయడానికి వీలుగా టర్నింగ్‌లో 25.30 ఉంచుతాము. ఒక్కో షాఫ్టుకు కోతకు ఒకటిన్నర నిమిషం, టర్నింగ్‌కు ఆరు, కీవేకు తొమ్మిది, గ్రైండింగ్‌కు ఐదు నిమిషాలు పడుతుందని స్టాప్‌వాచ్ పట్టుకొని నేనే లెక్క రాసుకున్నాను.

ఆ లెక్క చేతిలో ఉండి కూడా నేను చేసింది ఇది: నాలుగు వందలూ కోయించి, అన్నీ లేత్ దగ్గరికి పంపి, అన్నీ టర్నింగ్ అయ్యాకే మిల్లింగ్‌కు, అన్నిటికీ కీవే తీశాకే గ్రైండింగ్‌కు పంపాలని ప్లాను వేశాను. మా షాపులో లేత్‌లన్నీ ఒక వైపు, మిల్లింగ్ మెషిన్లన్నీ ఇంకో వైపు, గ్రైండర్లు వెనక గదిలో ఉండేవి కాబట్టి, సరుకును మాటిమాటికీ మోయించడం కంటే ఒకేసారి తరలించడం నయమనిపించింది. పని ఆలస్యమవుతుందన్న ఆదుర్దాతో లేత్ మీద రెండు రాత్రులు ఓవర్‌టైమ్ కూడా చేయించాను. దానివల్ల మిల్లింగ్ మెషిన్ ముందు షాఫ్టుల గుట్ట ఇంకాస్త పెరిగింది, అంతే. మిల్లింగ్ ఆపరేటరు ఆ గుట్టను చూపించి, “తమ్ముడూ, నువ్వు ఎన్ని తెచ్చి పోసినా నా మెషిన్ గంటకు ఆరేడు కంటే ఎక్కువ ఇవ్వదు” అన్నాడు. నాలుగు వందలకు అక్కడ అరవై గంటలు పడుతుంది. మొత్తం ఆర్డరు వేగాన్ని నిర్ణయించేది ఆ ఒక్క మెషిన్ అని నాకు అప్పుడు బోధపడింది. బాటిల్‌నెక్ అని మేము చదువుకున్నది దాన్నే.

అసలు దెబ్బ గ్రైండింగ్‌లో తగిలింది. గ్రైండర్ మీద ఉన్న పెద్దాయన ఒక షాఫ్టును వెలుతురుకు ఎత్తి పట్టి నన్ను పిలిచారు. మైక్రోమీటర్‌లో సైజు 25కు వచ్చేసింది, కానీ ఒక పక్కన టర్నింగ్ గీతలు సన్నని దారాల్లా అలాగే మిగిలి ఉన్నాయి. ఇంకా తీస్తే సైజు పోతుంది, తీయకపోతే గీతలు పోవు. వెనక్కి వెళ్లి వెతికితే, లేత్ మీద ఒకచోట 0.025 తగ్గించాల్సిన ఆఫ్‌సెట్‌ను (కోసే పనిముట్టు స్థానాన్ని సరిచేసే అంకెను) 0.25గా కొట్టారని తేలింది. అక్కడి నుంచి మళ్లీ కొలిచేదాకా అరవై రెండు షాఫ్టులు 25.30కు బదులు 25.07 దగ్గర తిరిగాయి. ఆపరేటరును తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచలేదు. మధ్యలో ఎన్నింటికి ఒకసారి కొలవాలో నా ప్లానులో రాసి ఉండవలసింది. అంతకంటే నన్ను కుంగదీసింది ఇంకొకటి: గ్రైండింగ్ మొదలయ్యేసరికే నూట పది గంటల పని, అంటే ఎనిమిది గంటల షిఫ్టులు దాదాపు పద్నాలుగు, గడిచిపోయాయి. చెడిపోయిన ముక్కలకు కూడా కీవేలు తీసి, బాటిల్‌నెక్ మెషిన్ సమయాన్ని తొమ్మిది గంటలకు పైగా పోగొట్టుకున్నాము.

ఆ సాయంత్రం ఫోర్‌మన్ గారు నా పక్కన కూర్చొని కాగితం మీద నలభై అని రాశారు. నలభై షాఫ్టులు ఒక ట్రేలో కదిలితే, మొదటి ట్రే నాలుగు పనులూ దాటడానికి 860 నిమిషాలు, ఆ తర్వాతి తొమ్మిది ట్రేలకు మిల్లింగ్ వేగంతో 360 నిమిషాల చొప్పున, మొత్తం 4,100 నిమిషాలు. అంటే అరవై ఎనిమిది గంటలు. నేను వేసిన ప్లానుకు నూట నలభై మూడు గంటలు. మెషిన్లు అవే, మనుషులు అవే, సెట్టింగ్ (పనికి తగ్గట్టు మెషిన్‌ను సిద్ధం చేయడం) కూడా మార్చనక్కర్లేదు, ఎందుకంటే మెషిన్ మీద నడిచే బ్యాచ్ నాలుగు వందలే, కదిలే బ్యాచ్ మాత్రమే నలభై. ఈ రెండూ వేరువేరని నేను అంతవరకూ ఆలోచించనే లేదు. సెట్టింగ్ సమయానికి భయపడే అందరూ పెద్ద బ్యాచ్‌లు పెడతారని చెబుతూ, జపాన్‌లో షిగియో షింగో అనే ఉత్పత్తి ఇంజినీరు 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్ డై (రేకును ఆకారంలోకి నొక్కే అచ్చు) మార్పిడిని నాలుగు గంటల నుంచి తొంభై నిమిషాలకు, ఆ తర్వాత మూడు నిమిషాలకు తెచ్చిన సంగతి కూడా ఆయనే వివరించారు.

తర్వాతి నెల అదే షాఫ్టు మళ్లీ వచ్చింది. ఈసారి పది ట్రేలు పెట్టించి, ప్రతి పదో ముక్కనూ కొలవాలని, సరుకుతో పాటు తిరిగే రూట్ కార్డు మీద రాశాను. రెండో రోజు మధ్యాహ్నం మొదటి ట్రే గ్రైండింగ్‌కు చేరింది. పెద్దాయన నాలుగో షాఫ్టు తీసి, ఒక కొసకు టేపర్ (వ్యాసం క్రమంగా మారడం) ఉందన్నారు. చూస్తే గ్రైండర్ టేబుల్ కాస్త జరిగి ఉంది. నాలుగు షాఫ్టులు పక్కన పెట్టి, టేబుల్ సరిచేసి, సాయంత్రం టీ వేళకు ముందే ఐదోదాన్ని రెండు కొసలనూ పట్టే సెంటర్ల మధ్య బిగించారు.