మాక్ టెస్టులో 54.33

ఆదివారం కాబట్టి, ఉదయం తొమ్మిదిన్నరకు, అంటే ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ తొలిపూట పరీక్ష మొదలయ్యే వేళకే, మేడ మీద గదిలో తలుపు వేసుకుని సివిల్ ఇంజనీరింగ్ పేపరు పూర్తి మాక్ టెస్టు రాశాను. మూడు గంటలు, 65 ప్రశ్నలు, నూటికి 54.33. దాని కింద ఆలిండియా ర్యాంకు అని ఒక అంకె కూడా వేశారు గానీ, అది ఆ టెస్ట్ సిరీస్ కొన్నవాళ్లలో, అందులోనూ ఈ పేపరు ఇంతవరకు రాసినవాళ్లలో నా స్థానం మాత్రమే. ఫిబ్రవరిలో హాల్లో కూర్చునేవాళ్లు వేరు.

భోజనాల దగ్గర నాన్నగారు "ఎన్నొచ్చాయమ్మా?" అని అడిగి, విని, "ఫస్ట్ క్లాసుకి ఆరు తక్కువన్నమాట" అన్నారు. మా గుంటూరు బ్రాడీపేటలో ఏ ఇంట్లోనైనా మార్కులను కొలిచే బద్ద అదే. గేట్‌లో మాత్రం అర్హత మార్కుకు 350, అగ్రశ్రేణి అభ్యర్థుల సగటు మార్కుకు 900 స్కోరు నిర్ణయించి, మిగిలిన మార్కులను ఆ రెంటి ఆధారంగా లెక్కగడతారు. అర్హత 28, పైసగటు 80 అనుకుంటే నా 54.33కు దాదాపు 628 వస్తుంది. అవి 32, 88 అయితే అవే మార్కులకు 569 దగ్గర ఆగిపోతుంది. ఇదంతా వివరిస్తే, "అయితే మార్కులు ఎందుకే, ముందే స్కోరు ఇవ్వచ్చుగా" అన్నారు.

నాకు అసలు పనికొచ్చింది చిత్తుకాగితం. రాస్తున్నప్పుడే ప్రతి ప్రశ్న నంబరు పక్కనా తెలిసి పెడితే "తె", ఊహించి పెడితే "ఊ" అని వేసుకుంటున్నాను. ఈరోజు రెండు మార్కుల బహుళైచ్ఛిక ప్రశ్నల్లో మూడు "ఊ"లు ఒప్పయ్యాయి. అవి తప్పయి ఉంటే ఆరు మార్కులు పోవడమే కాక, ఒక్కోదానికి మూడింట రెండు వంతుల చొప్పున మరో రెండు కోతపడి 46.33 దగ్గర ఉండేదాన్ని. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్కటైనా తప్పని తేల్చుకోగలిగితేనే కాస్త మొగ్గు మనవైపు ఉంటుంది. ఆ మూడింటిలో రెండింటికి నేను దేన్నీ తేల్చుకోలేదు. కాబట్టి ఈ పేపరులో నా చదువు విలువ 54 అని ఒప్పుకోను.

కిందటి నెల వేరే సంస్థ పేపరులో వచ్చిన 61తో దీన్ని పోల్చడం కూడా దండగే. ఆ పేపరు మరీ తేలిక. పాత గేట్ పేపర్లకైతే అర్హత మార్కులు ఎంతో తెలుసు కనుక, వచ్చే ఆదివారం వాటిలో ఒకటి రాస్తాను. ఈలోగా సాయిల్ మెకానిక్స్‌లో ఎఫెక్టివ్ స్ట్రెస్ మళ్లీ చదవాలి. మూడు "ఊ"లలో రెండు అక్కడివే.