ఎవరి తాలూకు?
మూడు వారాలుగా ఒక కథతో కుస్తీ పడుతున్నాను. చోటు స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవి, కాలం 1930లు. పంజాబు నుంచి వచ్చిన ఒకాయన బట్టల పెట్టె మోసుకుంటూ అక్కడి పాత భాష గేలిక్ మాట్లాడే పల్లెల్లో ఇల్లిల్లూ తిరుగుతుంటాడు. (కల్పన కాదు, అలా వచ్చినవాళ్లు ఉన్నారు. గేలిక్ నేర్చుకుని స్థిరపడ్డారు కూడా. 2018లో ఆ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో మసీదు వెలిసింది.)

ఆ పల్లెల్లో కుటుంబాలు సాగుచేసుకునే క్రాఫ్టు అంటే సొంత పొలం అనుకుని మొదట్లో తప్పులో కాలేశాను. అది కౌలు చెక్క. 1886 చట్టం వచ్చేదాకా భూస్వామి తలుచుకుంటే కుటుంబాన్ని వెళ్లగొట్టేవాడు. ఆ రోజులు చూసిన ముసలమ్మ గుమ్మంలో కొత్త మనిషిని ఏమని పలకరిస్తుంది? అక్కడే కలం ఆగిపోయింది.

చివరికి ఒక గేలిక్ ప్రశ్న దొరికింది: ‘కో లేష్ ఊ?’ ఎవరి మనిషివి అని. మా అమ్మమ్మ కూడా అంతే, వీధిలో కొత్త ముఖం కనిపిస్తే పేరు అడిగేది కాదు, ‘ఎవరి తాలూకు నాయనా?’ అనేది.

నిన్న రాత్రి ముసలమ్మ అడిగేసింది. అతను జవాబు చెప్పకుండా పెట్టె తెరిచాడు. పొయ్యిలో కాల్చే పీట్ మట్టి పొగ వాసన పట్టిన వేళ్లతో ఆమె నీలం శాలువా అంచు తడిమి చూస్తోంది. బేరం ఇంకా తెగలేదు.