అతిథుల కోసం పండ్ల వైన్ పంచ్: ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు నా నమోదులు

వైన్‌లో పండ్ల ముక్కలను నానబెట్టి, చివర చల్లని సోడా కలిపి అతిథులకు ఇచ్చే పంచ్‌ను శ్రీకాకుళంలోని మా ఇంట్లో ఏ కాలపు పండ్లతో ఆ కాలంలో తయారుచేస్తూ, కొలతలను ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటున్నాను. ముందు పండును ఎంచుకుని, దాని పులుపునూ వగరునూ బట్టి వైన్‌ను నిర్ణయించుకోవాలన్నది ఈ నమోదుల వల్ల నాకు స్థిరపడిన అభిప్రాయం.

ఏప్రిల్

ఉద్దానంలోని అత్తవారి ఊరి నుంచి మా బావమరిది ఒక బుట్టెడు జీడిపండ్లు తెచ్చాడు. గింజను తీసుకుని పండును తోటలోనే వదిలేయడం అక్కడ మామూలు కనుక, ఇంత సువాసన గల పండు నేలపాలవుతోందన్న బాధ నాకు ఎప్పటి నుంచో ఉంది. ఈ పండు త్వరగా మెత్తబడి పులుస్తుంది కాబట్టి కోసిన రోజే వాడుకోవాలి. దీని వగరుకు కారణం టానిన్లు. రసం పిండి, పలుచని గుడ్డలో వడకట్టి, చల్లారిన అన్నపు గంజిని కొద్దికొద్దిగా కలిపి కదపకుండా ఉంచితే, టానిన్లు గంజితో కలిసి అడుగుకు దిగుతాయి. పైన తేరిన రసాన్ని మాత్రం నెమ్మదిగా వేరే పాత్రలోకి వంచుకోవాలి. ఎర్ర వైన్‌లోనూ టానిన్లు ఉంటాయి కనుక, రెండు వగరులు కలవకుండా ఈ రసానికి తెల్ల వైన్ వాడాను. రెండు పాళ్లు వైన్, ఒక పాలు రసం, ఒక నిమ్మకాయ, కాస్త పంచదార పాకం. రుచి చూసిన బావమరిది, "బావగారూ, మా తోటలో కింద పడి పోయే పండు ఇదేనా!" అని ఆశ్చర్యపోయాడు.

జూలై

వర్షాలు మొదలయ్యాక సీతంపేట కొండల అనాసపండ్లు మా బజారుకు వచ్చాయి. అనాసలో పులుపు, తీపి రెండూ తగినంత ఉండడం వల్ల పాకం దాదాపు అవసరం లేదు. తెల్ల వైన్‌లో మూడు గంటలు నానబెట్టి, వడ్డించే ముందు నాలుగు పుదీనా ఆకులు నలిపి వేస్తే చాలు. సీతాఫలం మాత్రం పంచ్‌కు పనికిరాదు, దాని గుజ్జు పానీయాన్ని చిక్కగా, మబ్బుగా చేస్తుంది.

డిసెంబరు

చలికాలంలో వచ్చే బంధువుల కోసం ఎర్ర వైన్‌తో చేసే ఈ పంచ్‌లో కొలతలు ఇప్పుడు బాగా కుదిరాయి. 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి, అప్పుడే పిండిన కమలా రసం 300 మిల్లీలీటర్లు, పాకం 60, సోడా 500. దానిమ్మ గింజలు, సగానికి కోసిన నల్ల ద్రాక్ష, కమలా తొనలు ముక్కలుగా వేస్తాను. కమలా తొనల మీది తెల్లని పొరను, లోపలి గింజలను పూర్తిగా తీసివేయాలి, ఎందుకంటే రాత్రంతా నానినప్పుడు చేదు దిగేది వాటి నుంచే. పాకానికి పంచదార, నీరు సమానంగా తీసుకుని, చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు లవంగాలు వేసి మరిగించి, చల్లారగానే మసాలాలను తీసివేస్తాను. తాటిబెల్లం పాకానికి మంచి వాసన ఉన్నా అది వైన్ రంగును మసకబారుస్తుంది.

నానబెట్టడానికి గాజు జాడీ అన్నిటికంటే మంచిది. పండ్ల పులుపు లోహంతో చర్య జరుపుతుంది కనుక అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రలు వాడకూడదు. సోడాను ముందే బాగా చల్లబరిచి, అతిథులు కూర్చున్న తరువాతే కలపాలి. వెచ్చగా ఉంటే అందులోని వాయువు త్వరగా పోతుంది. చిన్న ఐసు ముక్కలకు బదులు ఒక గిన్నెలో నీళ్లు పోసి గడ్డ కట్టించిన పెద్ద ఐసు గడ్డను వేస్తే, అది నిదానంగా కరిగి పంచ్‌ను త్వరగా పలుచన చేయదు.

వైన్‌లో ఆల్కహాలు 12.5 శాతం అనుకుంటే, పై కొలతలతో మొత్తం 1,610 మిల్లీలీటర్లలో అది 6 శాతానికి కొంచెం తక్కువగా వస్తుంది. ఇలాగే వైన్‌లో పండ్లు కలిపి చేసే స్పెయిన్, పోర్చుగల్ దేశాల పానీయం సాంగ్రియాకు యూరోపియన్ యూనియన్ 2014లో పెట్టిన హద్దులు 4.5 శాతానికి తగ్గకుండా, 12 శాతానికి లోపు కాబట్టి మా పంచ్ ఆ పరిధిలోనే ఉంది. 150 మిల్లీలీటర్ల గ్లాసులైతే పది వస్తాయి. తియ్యగా ఉండడం వల్ల ఘాటు తెలియక ఎక్కువ తాగే ప్రమాదం ఉంది కనుక, ఈ లెక్కను అతిథులకు ముందే చెబుతాను.

పిల్లలకు, వైన్ ముట్టని పెద్దలకు నల్ల ద్రాక్ష రసంతో వేరే జాడీలో, వేరే గరిటెతో చేస్తాను. నానిన పండ్ల ముక్కలు వైన్‌ను బాగా పీల్చుకుంటాయి, వాటిని పిల్లలకు అసలు ఇవ్వకూడదు. 21 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మకూడదని మన రాష్ట్రంలో ఉన్న నియమాన్నే ఇంట్లోనూ పాటిస్తున్నాను.

వచ్చే మే నెలకు మామిడి పంచ్ ఆలోచనలో ఉంది: రసానికి సువర్ణరేఖ, ముక్కలకు గట్టి కండ గల బంగినపల్లి, వైన్ తెల్లది.