గుల్‌మార్గ్ చెట్ల మధ్యకి ఏ స్కీలు?

బరంపురంలో కూర్చుని, మంచు మీద జారడానికి కాళ్లకి కట్టుకునే స్కీల వెడల్పు గురించి టెన్షన్ పడేది బహుశా నేనొక్కడినే. "మంచే పడని ఊళ్లో ఈ గోలేంట్రా?" అంటాడు మావయ్య. గోపాల్‌పూర్ ఇసుకలో సన్న టైరు కూరుకుపోతుంది, వెడల్పు టైరు పైనే నడుస్తుంది, ఇదీ అంతే అంటే సగం ఒప్పుకున్నాడు.

మిగతా సగమే అసలు తలనొప్పి. కొత్తగా పడిన మెత్తటి మంచులో 115 మిల్లీమీటర్ల నడుమున్న (అంటే మధ్యలో అంత వెడల్పున్న) స్కీ హాయిగా తేలుతుంది. అదే అడవిలో, ఎదురుగా చెట్టు వచ్చినప్పుడు, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిరగడానికి బద్ధకిస్తుంది. అందుకే గుల్‌మార్గ్‌లో 106 తీసుకున్నా.

అద్దె షాపు కుర్రాడు పొడవాటి, బిర్రైన జత చూపించి "ఫాస్ట్ సార్" అన్నాడు. చెట్ల మధ్య నాకు ఫాస్ట్ ఎందుకు బాబూ! నేను తీసుకున్నదాన్ని నేల మీద పెట్టి చూశా. ముందు కొన చాలా దూరం నుంచే పైకి లేచి ఉంది, రాకర్ అంటారు దాన్ని. చేత్తో వంచితే కాస్త వంగింది. పొడవు నా ఎత్తుకి కొంచెం తక్కువ. మరీ పొట్టిదైతే మెత్తటి మంచులో మునుగుతుంది.

అన్నట్టు, ఈసారి ఎవరైనా తోడు వస్తారా? చెట్ల మొదళ్ల చుట్టూ వదులు మంచు గుంతలుంటాయి, పడితే పైకి రావడం కష్టం, ఒంటరిగా దిగకూడదు. మావయ్యని అడిగా, గోపాల్‌పూర్ అయితే వస్తానన్నాడు.