కుండకు చెమట పట్టని రోజు

మే 27, రోహిణి కార్తె. ఒంగోలు.

పొద్దున ఐదున్నరకి చలివేంద్రం పందిట్లోకి వెళితే తడి ఇసుక వాసన. రాత్రి పదింటికి నింపిన కుండలు మూడు. రెండు చల్లగా ఉన్నాయి, మూడోది గోరువెచ్చగానే ఉంది. కారణం కళ్లెదుటే ఉంది. ఆ కుండకి ఎవరో ముచ్చటపడి ఎర్ర పెయింటు కొట్టించి, తెల్లరంగుతో దాత పేరు రాయించారు. రంగు పడితే మట్టిలో సందులు పూడిపోతాయి, నీరు బయటికి ఊరదు. ఊరని కుండకి చెమట పట్టదు, చెమట పట్టని కుండ చల్లబడదు. కుమ్మరి ఎవరినడిగినా చెప్పే మాటే ఇది. దాత పేరున్న కుండని పక్కన పెట్టండని చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు పెగల్లేదు. చివరికి దాన్ని గ్లాసులు కడిగే నీళ్లకి మార్చారు. పేరు రోడ్డువైపే కనపడేట్టు పెట్టారు. అందరికీ మర్యాద దక్కింది.

చలివేంద్రం తెరవడం గంట పని. షామియానా, నాలుగు కుండలు, రిబ్బను, ఒక ఫోటో. ఉగాది దాటగానే ఊరంతా పుట్టుకొస్తాయి. మే పదిహేను దాటేసరికి సగం కుండలు బోర్లించి ఉంటాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేది ఆ తర్వాతే. అంటే జనానికి నీళ్లు అసలు కావలసిన రెండు వారాల్లోనే పెట్టేవాళ్లు ఉండరు. చందా పోగైతే మొదటిరోజు పులిహోరకి పెట్టకుండా ఆఖరి పదిహేను రోజుల క్యాన్లకి దాచిపెట్టాలని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది అందుకే.

కుండల సంగతి ఇంకొంచెం. కొత్త కుండని ఒక పూటంతా నీళ్లలో నానబెట్టాలి. మొదటి రెండుసార్లు నింపిన నీళ్లు పారబోయాలి, లేకపోతే మట్టి వాసనకి జనం మొహం చిట్లిస్తారు. కింద నాలుగంగుళాల మందాన ఇసుక పోసి తడపాలి. ఒంటికి తడి గోనెపట్టా చుట్టాలి. నీడ ఎంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. ఫ్లెక్సీలు మూడువైపులా కట్టేస్తే లోపల గాలి ఆడదు, కుండ ఉడుకుతుంది. ఈ ఊళ్లో చాలా చలివేంద్రాల్లో నీళ్లకంటే ఫ్లెక్సీ పెద్దది. మన పందిరికి పడమటివైపు ఫ్లెక్సీ ఈరోజే విప్పించాం. గంటలో తేడా తెలిసింది.

కుండ చల్లబడడానికి ఐదారు గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఖాళీ అయిన కుండని అప్పుడే నింపితే రెండింటికి వచ్చినవాడికి వేడినీళ్లే. అందుకే రెండు జతలు కావాలి. ఒక జతలో తోడుతుంటే రెండో జత ముట్టుకోకుండా ఊరుతూ ఉండాలి. బోరునీళ్లు పోసిన కుండలకి నెల తిరిగేసరికి బయట తెల్లగా పొరకడుతుంది. అది నీళ్లలోని ఉప్పు. కొబ్బరిపీచుతో, నిమ్మచెక్కతో రుద్దితే కొంత పోతుంది. పోకపోతే కుండ మార్చేయడమే.

ఇక లెక్క. మనిషి ఒక గ్లాసు తాగి రెండోది సగం తాగుతాడు. నాలుగు వందల మిల్లీలీటర్లు వేసుకోండి. ఇరవై లీటర్ల క్యాను యాభై మందికి వస్తుంది. బస్సులు ఆగే చోట పది నుంచి ఐదు దాకా నాలుగు వందల మంది వస్తారనుకుంటే తాగడానికే ఎనిమిది క్యాన్లు, కడగడానికి ఇంకో రెండు. నాలుగు క్యాన్లతో మొదలుపెట్టినవాళ్లు పన్నెండున్నరకి ఖాళీ కుండ పక్కన కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటారు.

ఏ నీళ్లు పోయాలన్నది రోజూ వచ్చే వాదన. ఆర్వో ప్లాంటు క్యాను శుభ్రమైనదే, కానీ ఆ నీటికి కాపలా లేదు. క్లోరిన్ ఉండదు కాబట్టి ఒక్క చెయ్యి మునిగినా సాయంత్రానికి కుండంతా పాడే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన దగ్గరికి చేరేసరికి లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలన్నది ప్రమాణం. క్లోరిన్ ఉందో లేదో చూసే క్లోరోస్కోపు గొట్టంలో నీళ్లు పట్టి, ఆర్థోటాలిడిన్ అనే పరీక్ష మందు చుక్కలేస్తే పసుపు తిరగాలి. తిరగకపోతే ఇరవై లీటర్లకి అరగ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి వేసి అరగంట ఆగాలి. ఇదంతా ప్లాస్టిక్ డ్రమ్ములోనే చెయ్యాలి, కుండలో కాదు. మట్టి క్లోరిన్‌ని తినేస్తుంది. అందుకే రాత్రి మిగిలిన నీళ్లు ఎన్ని ఉన్నా పారబోసి, కుండ తోమి, మళ్లీ నింపాలి. నాలుగు కుండెడు నీళ్లు పారబోయడానికి చేతులు రావు. మన నీళ్లు సాగర్ కుడికాలువ మీంచి వేసవి చెరువుల్లోకి వచ్చి, అక్కణ్ణించి మనదాకా రావాలి. పారబోసే నీళ్లని వేపచెట్టు మొదట్లోకి మళ్లించాం. పక్కనే పశువులకి సిమెంటు తొట్టి. కుక్కలూ కాకులూ ఆరింటికే హాజరు.

ముంచుకోవడానికి కాడ ఉన్న గరిటె తప్ప ఇంకేదీ కుండలో పడకూడదు. ఆ గరిటె కింద పెట్టకూడదు, మేకుకి తగిలించాలి. ఈరోజు పదింటికల్లా మూడుసార్లు ఇసుకలో కనపడింది. గ్లాసులు స్టీలువి రెండు డజన్లు. కడగడానికి మూడు టబ్బులు, ఒకటి సబ్బుకి, ఒకటి జాడించడానికి, మూడోది ఇరవై లీటర్లకి మూడు గ్రాముల బ్లీచింగ్ కలిపిన నీళ్లకి. అందులోంచి తీసి బోర్లిస్తే ఆరిపోతాయి, గుడ్డతో తుడవొద్దు. ఆ గుడ్డే అన్నిటికంటే మురికి. పేపరు గ్లాసులు తేలికే, రెండో రోజుకి మురుక్కాలవ నిండుతుంది.

మజ్జిగ వారానికి రెండు రోజులే, ఈరోజు ఆ వంతు. నాలుగు లీటర్ల పెరుగుకి పదహారు లీటర్ల నీళ్లు, అరవై డెబ్భై గ్రాముల ఉప్పు, గుప్పెడు దంచిన అల్లం, పది పచ్చిమిర్చి, కరివేపాకు. నిమ్మకాయ చివర్లో పిండాలి. మనకి వచ్చేవి ఎక్కువగా గూడూరు, పొదలకూరు వైపు కాయలు, రసం బాగా ఉంటుంది. పొద్దున ఏడింటికే కలిపితే పన్నెండుకి పులుస్తుంది. పెరుగు చల్లగా దాచి రెండు విడతల్లో కలుపుకోవాలి. ఐసు దిమ్మని పగలగొట్టి మజ్జిగలో వేసేవాళ్లని చూస్తే భయం. ఆ దిమ్మలు చేపల పెట్టెల కోసం చేసినవి, తాగే నీళ్లతో చేసినవి కావు. పెద్ద టబ్బులో ఐసు పోసి, మధ్యలో మూతపెట్టిన మజ్జిగ బిందె దించితే సరి.

నెల రోజులు కుండ దగ్గర నిలబడితే మనుషుల్ని చూసే తీరు మారుతుంది. మొదటివారం అందరికీ కోపం వచ్చేది సీసాలు నింపుకునేవాళ్ల మీద. రెండు లీటర్ల సీసా చాపితే ‘ఐదుగురి నీళ్లు ఒక్కడే పట్టుకుపోతున్నాడు’ అని గొణుగుతారు. ‘బాటిళ్లు నింపరాదు’ అని అట్ట రాసి కట్టేస్తారు. మన పందిట్లోనూ ఉండేది. ఆ సీసా ఎక్కడికి పోతోందో అడిగాక తీసేశారు. కనిగిరి బస్సు. రెండు గంటలకి పైనే ప్రయాణం. ఆ పడమటి ఊళ్లలో బోరునీళ్లలో ఫ్లోరైడు. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీరు లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని ప్రమాణం. కాచి తాగితే పోతుందనుకుంటారు, నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుందే తప్ప పోదు. ఆ సీసా ఇంట్లో పిల్లకాయల కోసం. ఇప్పుడు సీసాలకి విడిగా కుళాయి బిగించిన డ్రమ్ము పెట్టారు, చల్లగా ఉండవు కానీ కుండల దగ్గర వరస ఆగదు.

పదకొండు దాటాక ఒక పెద్దాయన వచ్చాడు. గ్లాసు అందిస్తుంటే తీసుకోకుండా వంగి దోసిలి పట్టాడు. ‘గ్లాసుంది పెద్దాయనా’ అంటే ‘అలవాటు నాయనా, పొయ్యి’ అన్నాడు. ఆ అలవాటు ఎవరు చేయించారో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1985 జులైలో కారంచేడులో (అప్పుడది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల) దళితులు తాగే చెరువు దగ్గర పైకులంవాళ్లు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు మొదలైన గొడవలో ఆరుగురు దళితుల్ని చంపారు. నీళ్లు పోసేవాళ్లకి ఈ సంగతి తెలిసి ఉండాలి. ఎత్తునించి దోసిట్లో పోసేస్తే పని తొందరగా అవుతుంది, గ్లాసు కడిగే శ్రమ ఉండదు. అయినా మన దగ్గర నియమం ఒక్కటే. గ్లాసు నింపి బల్ల మీద పెట్టి జరిగి నిలబడాలి. ఎవరైనా వచ్చి వాళ్ల చేత్తో తీసుకుంటారు. పెద్దాయన కాసేపు చూసి, గ్లాసు తీసుకుని, ఎత్తి తాగాడు. రెండో గ్లాసు అడగలేదు. ముందే నింపి పెడితే తీసుకున్నాడు. అడగాల్సి వస్తే చాలామంది అడగరు, అందుకని బల్ల మీద ఎప్పుడూ ఆరు గ్లాసులు నిండి ఉండాలి, మూతలతో.

ఇంతకంటే ఆలస్యంగా కంటపడేది రానివాళ్లు. పొగాకు గ్రేడింగుకి పోయే ఆడవాళ్లు గుంపుగా పందిరి నీడలో నిలబడతారు, నీళ్లు మాత్రం ముట్టరు. ముట్టినా నోరు తడుపుకుని వదిలేస్తారు. మొహమాటం అనుకుంటాం. ‘తాగితే ఎక్కడికి పోవాల తల్లీ, సాయంత్రం దాకా పనిలోనే ఉండాల’ అని వాళ్లలో ఒకామె పిల్లల్ని కసిరినట్టు చెప్పింది. ఎన్ని కుండలు పెట్టినా ఆమె గొంతులోకి నీళ్లు దిగవు. దిగాలంటే బాత్రూము కావాలి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగేనీళ్లు ఉండాలన్నది బంకుల నిబంధనల్లోనే ఉంది. దగ్గర్లో ఉన్న బంకు మేనేజరుతో మాట్లాడి, రోజుకి రెండుసార్లు కడిగే మనిషిని చందాలోంచి పెడతామని ఒప్పుకుని, ‘ఆడవాళ్లకి బాత్రూము, ఎడమవైపు, తాళం లేదు’ అని బాణం గుర్తుతో బోర్డు కట్టారు. కుండలకంటే ఆ బోర్డుకే తక్కువ ఖర్చు. ఈరోజు ఆ గుంపులో నలుగురు నిండు గ్లాసులు తాగారు, మిగతావాళ్లు ఇంకా నమ్మలేదు.

ఒంటిగంటకి పడమటిగాలి కొలిమి తెరిచినట్టు కొట్టింది. తాపీ పని కూలీ ఒకతను బెంచీ మీద కూలబడ్డాడు. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేశాయి, ఒళ్లంతా చెమట. చెమట ఉంది, పేరడిగితే సరిగ్గా చెప్పాడు, కాబట్టి నీడలో పడుకోబెట్టి, కాళ్లెత్తి పెట్టి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా ఇస్తే చాలింది. ఇక్కడే జరిగే తప్పు ఒకటుంది. ఇరవై ఒక్క గ్రాముల ప్యాకెట్టు లీటరు నీళ్లకి. సగం ప్యాకెట్టు గ్లాసులో కొట్టి ఇచ్చేస్తారు. అంత చిక్కటిది పేగుల్లోకి ఎదురు నీరు లాగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ప్యాకెట్టు లేకపోతే లీటరుకి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. చెంచా గీసి కొలవాలి. మనిషి తిక్కగా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే, అది వడదెబ్బ, చెమట ఉన్నా లేకపోయినా. అలాంటప్పుడు నోట్లో చుక్క పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా మెడ, చంకలు, గజ్జలు తడుపుతూ విసరాలి. ఈ నాలుగు ముక్కలూ అట్ట మీద రాసి స్తంభానికి కట్టి ఉన్నాయి, అయినా చుట్టూ మూగి గాలి ఆపేసేవాళ్లని జరపడానికే ఒక మనిషి కావాలి. అరగంటకి లేచి కూర్చున్నాడు. మధ్యాహ్నం కూలి పోతుందని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆపడానికి మన దగ్గర ఏమీ లేదు.

నాలుగింటికి సముద్రపుగాలి తిరిగింది. జనం ‘హమ్మయ్య’ అన్నారు. కుండలకి మాత్రం అప్పుడే కష్టం. పొడిగాలిలో తడి తొందరగా ఆరి కుండని చల్లబరుస్తుంది, ఉప్పుగాలిలో తేమ ఎక్కువ, ఆరదు. ఎండ తగ్గిన సాయంత్రమే నీళ్లు చల్లగా లేవని ఫిర్యాదు. దానికి చేసేదేం లేదు, కొత్తపట్నం తీరం నుంచి వచ్చే గాలిని అడ్డుకోలేం.

రాత్రి ఏడు దాటాక కడుగుడు. మూడు జానల గుంట ఒకటి డ్రమ్ము వెనక కనపడింది, నీళ్లు నిలిచి దోమపిల్లలు గిలగిలలాడుతున్నాయి. గుడ్డు నుంచి దోమ లేవడానికి ఈ వేడికి వారం చాలు. శుక్రవారం డ్రైడే అని ఊరంతా తొట్లు బోర్లిస్తారు, చలివేంద్రం కింది ఇసుక ఎవరికీ గుర్తుకురాదు. గుంట పూడ్చి, ఇసుక తిరగేసి ఎండటానికి వదిలాం. ఈ వారం నుంచి శుక్రవారం రాత్రి ఒక్కో కుండ కింద ఇసుక మార్చాలి.

పది దాటింది. పెయింటు లేని కుండలు రెండు, అరువు తెచ్చినవి రెండు నింపాం, గోనెలు తడిపాం. రేపటి పేర్ల కాగితం స్తంభానికి ఉంది. ఏడు నుంచి పది దాకా నలుగురు రాశారు. నాలుగు నుంచి ఆరు దాకా ఐదుగురు, వాళ్లలో ఇద్దరు ఫోటోగ్రాఫరు ఎప్పుడొస్తాడని కూడా అడిగారు. పన్నెండు నుంచి మూడు దాకా గడి ఖాళీ. పెన్ను దారానికి కట్టి అక్కడే వదిలి వచ్చాం.